తరుగు ఎవరిది?



అంగడిలో పుట్టి మన ఇళ్లలోకి వచ్చిన మాటలలో తరుగు ఒకటి. కంసాలి తరుగు తీస్తాడు. ధాన్యపు వర్తకుడు తేమ ఉన్నదని బస్తాకు ఇంత అని తరుగు కోస్తాడు. కొత్త చింతపండు కొని, ఎండబెట్టి, జాడీలోకి ఎత్తే ఇల్లాలు తరుగు పోను ఎంత మిగిలినదో చూచుకుంటుంది. వస్తువు తడిగా ఉన్నప్పుడు ఒక తూకము, ఆరిన తరువాత ఇంకొక తూకము. నడుమ పోయినది ఎవరి లెక్కలో పడవలెను? అమ్మినవారి లెక్కలోనా, కొన్నవారి లెక్కలోనా? వరి విషయములో దీనికి కట్టుబాట్లు ఉన్నవి. ప్రభుత్వము వరి కొనునప్పుడు తేమ నూటికి 17 వంతులు మించరాదని హద్దు పెట్టినది. ఇరుగుపొరుగు వారికి అమ్ముకునే ఇంటి సబ్బుకు అటువంటి వాడుక ఏదియు స్థిరపడలేదు. అందుచేతనే ఆ ప్రశ్న మా ముందుకు వచ్చినప్పుడు జవాబు చెప్పుటకు మాకు నాలుగు దినములు పట్టినది.

తెచ్చినవారు వదినా మరదళ్లు. మేముండే బళ్లారి ప్రాంతములో, ఒకే ఇంటి వెనుక వసారాలో, రెండేండ్లుగా కొబ్బరినూనె సబ్బు చేసి తెలిసినవారికి ఇస్తున్నారు. నూనె తిపటూరు కొబ్బరిది. ఊరంతా అమ్మదలిస్తే లైసెన్సు, లేబులు నియమములు వేరుగా ఉన్నవి. ఆ సంగతి ఇక్కడ ఎత్తము.

వారి తగవు అర్థము కావలెనంటే ముందు ఆ పని ఎట్లు జరుగునో చెప్పాలి. ఒక కిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారుటకు ఇంచుమించు 183 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. ఒంటికి వాడే సబ్బులో కొంత నూనె నూనెగానే మిగిలి ఉండుట మంచిది గనుక వీరు 150 గ్రాములే వేస్తారు. ఆ సోడాను 350 గ్రాముల నీళ్లలో కరిగిస్తారు. (సోడాను నీళ్లలో వేయాలి గాని నీళ్లను సోడా మీద పోయరాదు. అల్యూమినియము గిన్నె పనికిరాదు. కళ్లకు అద్దములు, చేతులకు తొడుగులు ఉండాలి. పిల్లలు దరిదాపుల ఉండరాదు. మేము ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న దినములలో చేతిపనుల తరగతిలో సుద్దముక్కలతో పాటు సబ్బు కూడా చేయించేవారు. ఈ జాగ్రత్తలు మాచేత పదే పదే వల్లె వేయించిన తరువాతనే సోడా డబ్బా మూత తీసేవారు. అందుకే వ్రాయక ఉండలేకపోతున్నాము.) నూనె, సోడా, నీళ్లు కలిపి సరిగా 1,500 గ్రాములు. చిలికి, చిక్కబడిన తరువాత అచ్చులో పోస్తారు. కొబ్బరినూనె సబ్బు తొందరగా బిగుస్తుంది. మరునాటి వరకు ఆగితే చాకు క్రింద పెళుసుగా విరుగుతుంది గనుక పోసిన కొన్ని గంటలలోనే కోయాలి. పన్నెండు బిళ్లలుగా కోస్తారు. అంటుకొని పోయినది లెక్కపెట్టకుండా చూస్తే బిళ్ల ఒక్కింటికి 125 గ్రాములు. అందులో నీళ్లు 29 గ్రాములు.

అప్పుడే కోసిన సబ్బు చూడముచ్చటగా ఉంటుంది. అంచులు నిలువుగా, మూలలు పదునుగా, ముఖము నున్నగా, చేతికి బరువుగా. ఆ తరువాత దానిని చెక్కపలకల మీద పరచి ఆరు వారములు ఆరబెడతారు. ఆ ఆరు వారములలో బిళ్ల బరువు తగ్గుతుంది, కొలత తగ్గుతుంది, ఆకారము మారుతుంది.

ఎట్లు మారునో చూడండి. బిళ్లను వెల్లకిలా పడుకోబెడితే పైముఖము గాలికి ఆరుతుంది. క్రిందిముఖము పలకకు ఆనుకొని తడిగానే ఉంటుంది. ఆరిన వైపు కుంచించుకుంటుంది, తడి వైపు కుంచించుకోదు. అందుచేత రెండు కొనలు పైకి లేచి బిళ్ల పడవవలె వంగుతుంది. పలుచగా కోసినది ఇంకను ఎక్కువ వంగుతుంది. వంగినదానిని త్వరగా తిప్పి పడుకోబెడితే రెండవ ముఖము ఆరి కొంతవరకు సరిచేస్తుంది. ఆలస్యమైతే ఆ వంపు అట్లే బిగుసుకొని పోతుంది. ఒకవైపు ఆరిన వడియములను బట్టనుండి ఊడదీసి తిప్పివేసే మన ఇల్లాండ్రకు ఇది కొత్త పాఠము కాదు. అంచు మీద నిలబెట్టి, బిళ్లకు బిళ్లకు నడుమ వేలెడు సందు ఉంచితే రెండు వైపుల గాలి తగిలి వంపు రాదు. అయితే అప్పుడును వేరొక మార్పు వస్తుంది. అంచులు ముందు ఆరి గట్టిపడతాయి, నడిమి భాగము ఆ తరువాత మెల్లగా ఆరి లోపలికి గుంజుకుంటుంది. ముఖము మీద సన్నని గుంట పడుతుంది. పోసిన మొదటి దినములలో గాలి తగిలి పైన తెల్లని పొడి కూడ కట్టవచ్చును. అది తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

ఊరును బట్టియు మార్పు ఉంటుంది. మా వైపు గాలి పొడి గాలి. ఎండకాలములో సబ్బు త్వరగా ఆరుతుంది, త్వరపడి ఆరినది గనుక వంకర కూడ ఎక్కువ. ఫ్యాను క్రింద పెట్టితే చెప్పనక్కరలేదు. యానాములోనో, బరంపురము దాటిన సముద్రపు ఒడ్డునో అదే సబ్బు పోస్తే నెమ్మదిగా, తిన్నగా ఆరుతుంది. వానాకాలములో అసలు ఆరనే ఆరదు. ఇంటి సబ్బులో గ్లిసరిన్ దానిలోనే నిలిచి ఉంటుంది. అది గాలిలోని తేమను పట్టుకుంటుంది గనుక బిళ్ల మీద చెమట బిందువులు నిలుస్తాయి. తరుగును గూర్చి మాట్లాడుచున్నాము గాని, అటువంటి దినములలో కొంత పెరుగు కూడ ఉండవచ్చును!

ఈ ఆరు వారములు దేనికి? సోడా ఘాటు విరుగుటకు అని చాలామంది అనుకుంటారు. నిజమునకు నూనె, సోడా కలిసి సబ్బు అయ్యే పని చాలావరకు మొదటి ఒకటి రెండు దినములలోనే ముగుస్తుంది. మిగిలిన కాలమంతా నీరు బయటికి పోవుటకు, లోపలి కట్టు గట్టిపడుటకు. ఆరని సబ్బు కూడ మురికి వదలిస్తుంది. కాని అది మెత్తగా ఉండి నీళ్లు తగలగానే జిగురుగా కరిగిపోతుంది. ఆరినది ఎక్కువ దినములు వస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు అవసరపడుతుంది.

ఇక తగవు. ఆరు వారములకు 125 గ్రాముల బిళ్ల ఇంచుమించు 110 గ్రాములకు దిగుతుంది. నూరు గ్రాములు 60 రూపాయలని అనుకుందాము. కోసిన దినపు తూకమునకు 75 రూపాయలు, ఆరిన తూకమునకు 66. బిళ్లకు 9 రూపాయలు, వాయికి 108 రూపాయలు తేడా. వదిన కోసిన దినపు తూకమునే వ్రాయవలెనంటుంది. మరదలు ఇచ్చిన దినపు తూకము వ్రాయవలెనంటుంది.

"అయ్యవారూ, నూనె తగ్గలేదు, సోడా తగ్గలేదు. పోయినది నీళ్లే కదా! మేము పోసిన సరుకంతా ఆ బిళ్లలోనే ఉన్నది. ఎవరి సొమ్ము మేము తిన్నాము?" అని వదిన.

"నీళ్లే పోయినవి గనుకనే అడుగుతున్నాను వదినా. నీళ్లకు డబ్బు తీసుకోవడమెందుకు?" అని మరదలు.

ఇద్దరి మాటలోను న్యాయమున్నది. వదిన మాట త్రోసివేయదగినది కాదు. కాయల మీద నీళ్లు చల్లి మిరపబస్తా బరువు పెంచేవాడు చేసే పని వేరు, ఇది వేరు. ఆ నీరు మిరపకాయకు అక్కరలేదు; తూకము కొరకే చల్లినది. సబ్బులో పోసిన నీరు పనికొరకు పోసినది. నీరు లేనిదే సోడా కరగదు, సోడా కరగనిదే నూనెతో కలవదు. పని ముగించి తన దారిన తాను పోయే నీటిని కల్తీ అనుట అన్యాయము.

పైగా ఆమె ఇంకొక మాట అన్నది. పెద్ద కంపెనీల సబ్బు పైకాగితము మీద, ప్యాక్ చేసినప్పటి నికర బరువు ఇంత అని ఆంగ్లములో చిన్న అక్షరములతో ఉంటుంది. తూనికలు కొలతల నియమములే సబ్బుకు ఆ వెసులుబాటు ఇచ్చినవి. వారికి ఒప్పయినది మాకు తప్పెట్లయినది అని ఆమె ప్రశ్న.

దీనికి మేము కొంత ఆలోచించవలసి వచ్చినది. కర్మాగారములో పని క్రమము వేరు. మైసూరు సంస్థానములో, నాలుగవ కృష్ణరాజ ఒడెయరు మహారాజుగా, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు దివానుగా ఉన్న కాలములో బెంగళూరులో ప్రభుత్వ సబ్బు కర్మాగారము పెట్టినారు. (దివాను గారి ఇంటిపేరు తెలుగు నేల మీది ఊరి పేరే.) అటువంటి కర్మాగారములలో సాధారణముగా సబ్బును ముందే ఆరబెట్టి, సన్నని సేమియావలె చేసి, సువాసన కలిపి, మరలలో నలిపి, కడ్డీగా నెట్టి, కోసి, చివరకు అచ్చు గుద్దుతారు. అనగా అక్కడ ముందు ఆరుట, తరువాత ఆకారము. మన వసారాలో ముందు ఆకారము, తరువాత ఆరుట. వారి బిళ్ల ప్యాకెట్టులోకి పోయే వేళకే ఆరి ఉన్నది గనుక తరువాత తరిగేది కొంచెము. మన బిళ్ల నుండి పోయేది ఎనిమిదింట ఒక వంతుకు దగ్గర. అదే మాట వారి కాగితము మీద ఉంటే గోరంత తరుగును కప్పుతుంది. మన చీటీ మీద ఉంటే చాలా పెద్ద తరుగును కప్పుతుంది. నియమము ఒకటే అయినను దాని క్రింద దాగే బరువు ఒకటి కాదు.

ఇటుకల బట్టీ వారిని చూడండి. పచ్చి ఇటుక ఆరినప్పుడు, కాలినప్పుడు తగ్గుతుందని వారికి తెలుసు. అందుచేత అచ్చును కావలసిన ఇటుక కంటె కొంచెము పెద్దదిగా చేయిస్తారు. అచ్చు కొలత చూపించి ఇటుక అమ్మినవానిని మేము ఎక్కడను చూడలేదు. తరుగు ఎంతో చేసేవానికి ముందే తెలుసు, కొనేవానికి తెలియదు. తెలిసినవాడే దానిని మోయుట న్యాయమని మాకు తోస్తున్నది. మరదలు పక్షమునకు మేము మొగ్గినది ఇందువలననే. నీళ్లకు డబ్బు తీసుకొనుట తప్పు అన్న ఆమె కారణము కంటె ఈ కారణము గట్టిదని మా అభిప్రాయము.

కొనేవారి సంగతి కూడ ఆలోచించాలి. ఒక్క ఇంటిలోనే సబ్బు చేస్తే ఎవరికిని నష్టము లేదు. 125 అన్నను 110 అన్నను లోపలి సరుకు ఒక్కటే. కాని రెండు వీధుల అవతల ఇంకొకరు ఆరబెట్టి, తూచి, 110 అని నిజము వ్రాసి అదే 75 రూపాయలకు అమ్ముచున్నారనుకోండి. కొనవచ్చిన ఆమె రెండు చీటీలు చూచి, 125 అని ఉన్నదానినే తీసుకొని, లాభము వచ్చినదని సంతోషిస్తుంది. రెండింటిలోను ఉన్న నూనె సమానమే. అక్కడ మోసపోయినది కొన్న ఆమె ఒక్కతే కాదు, నిజము వ్రాసిన ఆ రెండవ ఇల్లాలు కూడ. తూకపు అబద్ధము తరచుగా ఈ విధముగానే మూడవ మనిషి మీద పడుతుంది. ఆ మనిషి మన అంగడిలో కనబడదు గనుక మనకు తట్టదు.

మేము బడిపంతులము గనుక ఇంకొక దారి వెదకినాము. మొదటి దినమునుండి అరువదవ దినము వరకు ఈ బిళ్లలో మారనిది ఏది? బరువు మారుతుంది, పొడవు మారుతుంది, వంపు మారుతుంది. మారనిది లోపల పోసిన నూనె. కిలో నూనె పన్నెండు బిళ్లలకు పంచితే బిళ్లకు 83 గ్రాములు. బళ్లారిలో ఆరినను, యానాములో ఆరినను, తడిగా ఉన్నను, ఎముకవలె గట్టిపడినను 83 గ్రాములే. కంపెనీ కాగితము మీద టి.ఎఫ్.ఎం. అని ఉండే అంకె కూడ ఇటువంటి ఆలోచననుండే వచ్చినది. సబ్బులో కొవ్వు పదార్థము నూటికి ఎంత అని అది చెబుతుంది. మన దేశపు ప్రమాణములలో మొదటి తరగతి స్నానపు సబ్బుకు అది 76 శాతమునకు తగ్గరాదు. నూటికి ఇంత అని చెప్పే అంకె నీరు పోయిన కొద్దీ పెరుగుతుంది. బిళ్లకు ఇంత నూనె అని చెప్పే అంకె కదలదు. కనుక చీటీ మీద నూనె బరువు వ్రాయండి, దాని ప్రక్కన ఇచ్చిన దినపు తూకము వ్రాయండి అని వారితో చెప్పినాము.

వదిన నవ్వినది. "కొనేవాళ్లు చేత్తో ఎత్తి చూస్తారు అయ్యవారూ, చీటీ చదవరు" అన్నది. అదియు నిజమే. చేతికి బరువు తెలిసినంత సులభముగా కంటికి అంకె తెలియదు.

అంతటితో తీరలేదు. ఆ ఇంటిలో అసలు ఇరకాటము తూకము కాదు, కాలము. వారమునకు ఒక వాయి చొప్పున చేస్తే ఎప్పుడు చూచినను ఆరు వాయిలు పలకల మీదనే ఉంటాయి. 72 బిళ్లలు, ఆరు కిలోల నూనె. ఆ నూనె డబ్బు అప్పటికే కొట్టువానికి ఇచ్చివేసినారు. సబ్బు ఆరే వరకు ఆ డబ్బు కూడ దానితో పాటు పలక మీద పడుకొని ఉంటుంది. జూన్ నెలలో వదిన కుమారునికి కాలేజీ ఫీజు కట్టవలసి వచ్చినది. రెండు వారములు మాత్రమే ఆరిన వాయిలు మూడున్నవి. వాటిని అమ్మితే ఫీజుకు సరిపోతుంది. "ఆరు వారాల ధర్మము నాకూ తెలుసు. ఫీజు కట్టే తేదీ మాత్రము నా సబ్బు కోసము ఆగుతుందా?" అని ఆమె అడిగినప్పుడు మరదలు కూడ ఏమియు మాట్లాడలేదు.

ఓర్పు మంచిదని ఉపదేశించుట ఆరు వారముల డబ్బు చేతిలో ఉన్నవారికి సులభము. లేనివారికి ఓర్పు ఒక ఖర్చు. దానికి ధర ఉన్నది, ఎవరో ఒకరు చెల్లించాలి. ఆరిన సబ్బు పచ్చి సబ్బు కంటె ఎక్కువ దినములు వస్తుందని పైన వ్రాసినాము. అందుచేత రెండు వారముల బిళ్లను ఆరిన బిళ్లగా చెప్పి అమ్మితే కొన్నవారికి నిజముగానే నష్టము. 83 గ్రాముల నూనె అందులో ఉన్నను, నీళ్లతొట్టి ప్రక్కన అది త్వరగా కరిగిపోతుంది. ఇక్కడ నీళ్లు మాత్రమే పోయినవి అనే వాదము నిలువదు. కాని పచ్చి బిళ్లను పచ్చి బిళ్ల అనే చెప్పి, తక్కువ ధరకు ఇచ్చి, "ఇంకా నాలుగు వారాలు గాలికి ఆరబెట్టుకోండి, రోజు విడిచి రోజు తిప్పండి" అని చెబితే దోషమేమి? అప్పుడు కొన్నవారు తమ అటక మీద ఆ నాలుగు వారములు ఎదురుచూస్తారు, దానికి తగిన ధర వారికే మిగులుతుంది. తరుగు, ఎదురుచూపు, రెండును చెప్పి చేతులు మార్చవచ్చును. చెప్పకుండ మార్చుటయే అభ్యంతరము.

వదిన అట్లే చేసినది. రెండు వాయిలు పచ్చివే పోయినవి, బిళ్లకు పదిహేను రూపాయలు తక్కువగా. మూడవ వాయి ఎవరును తీసుకోలేదు. తక్కువ పడిన డబ్బు మరదలు సర్దినది. తీసుకున్నవారిలో ఎందరు నాలుగు వారములు ఆగినారో, ఎందరు మరునాడే నీళ్లలో పెట్టినారో ఎవరు చూడబోయినారు! అది వారి ఇంటి సంగతి.

ఆకారమును గూర్చి ఒక మాట మిగిలియున్నది. బాగుగా ఆరిన బిళ్ల కొంచెము వంగి ఉంటే చాలామంది అది పాడయినదని ప్రక్కన పెట్టి, నిన్న కోసిన తిన్నని దానిని ఏరుకుంటున్నారు. కర్మాగారపు అచ్చు మన కన్నులకు ఆ అలవాటు చేసినది. తిన్నగా ఉన్నది మంచిదని, వంకర ఉన్నది లోపమని. ఇంటి సబ్బులో చాలాసార్లు దీనికి తలక్రిందులు. వంపు చూచి ఇది కొంతకాలము గాలిలో ఉన్నదని చెప్పవచ్చును. అయితే వంపును మెచ్చుకొనుటయు మాకు ఇష్టము లేదు. తిప్పవలసిన దినమున తిప్పకపోతే వచ్చిన వంపు ఓర్పుకు గుర్తు కాదు, అశ్రద్ధకు గుర్తు. రెండింటికిని వంపు ఒకే విధముగా కనబడుట కొనేవారి కష్టము. గోటితో నొక్కి చూస్తే కొంత తెలుస్తుంది. ఆరినది గోటికి లొంగదు.

మరి వంగిన బిళ్లను చాకుతో చెక్కి తిన్నగా చేసి అమ్మవచ్చునా? మరదలు ఇది కూడ అడిగినది. ఆరిన తరువాత చెక్కి, చెక్కిన తరువాత తూచి ఇస్తే ఎవరికి ఏమి నష్టము? పెండ్లికి పోయేవాడు బట్టలు ఇస్త్రీ చేసుకున్నంత పని. అయితే చెక్కిన బిళ్లకు 83 గ్రాముల నూనె అని వ్రాయకూడదు. చెక్కులతో పాటు నూనె కూడ కొంత పోయినది. ఆ మాట మేము చెప్పకముందే ఆమెయే చెప్పినది. ఆ చెక్కులు డబ్బాలో పోగుచేసి, తడిచేతితో ఉండలు చుట్టి, అంట్లు తోముటకు ఇంట్లోనే వాడుకుంటున్నారు.

ఇప్పుడు వసారాలో పలకలు రెండు వరుసలుగా ఉన్నవి. పైవరుసకు కోసిన తేదీ వ్రాసిన చీటీ కట్టియున్నది. క్రిందివరుసలో ఆరినవి, నూనె బరువుతో, ఇచ్చిన దినపు తూకముతో. వంటింటి త్రాసు తెచ్చి వాకిటి బల్ల మీద పెట్టినారు. కొనేవారిలో కొందరు 83 అనే అంకె చూచి ఇదేమి సబ్బు, చేతికి ఇంత ఉంటే చీటీ మీద తక్కువ వ్రాసినారేమని అడుగుతున్నారట. చెప్పి చెప్పి విసుగు వస్తున్నదని వదిన అంటుంది, అయినను చీటీలు ఆమెయే వ్రాస్తున్నది, మరదలి చేతివ్రాత బాగుండదని.